తీగకు గుచ్చిన ఉత్తరములు



పండుగకు ఇల్లు సున్నము కొట్టించునపుడు అటకమీదినుండి మొదట దిగునవి పాత ఉత్తరములు. తీగకు గుచ్చి దూలమునకు వ్రేలాడదీసిన ఆ కట్టలను కొందఱు పాతకాగితములవానికి తూకమునకిత్తురు. కొందఱు పిల్లలచేతికిచ్చి “బిళ్లలు కత్తిరించుకొనుడు” అందురు. ఈ రెంటిలో దేనిని చేయుటకు ముందైనను ఒక్కమాఱు ఆలోచింపవలసిన సంగతిని ఈ నెల మీకు విన్నవింపదలచితిని.

తపాలాబిళ్లలు కూర్చువారు లోకమున పెక్కుమంది గలరు. వారిలో ఒక తెగవారు బిళ్లతో తృప్తినొందరు. ఉత్తరము ఏయూరినుండి ఏయూరికి, ఎంత వెలకు, ఏ ప్రభుత్వపు ముద్రతో పోయినదో విచారింతురు. దీనినే తపాలా చరిత్ర యందురు. రాజ్యములు తలక్రిందులైన కాలమన్న వారికి మిక్కిలి ప్రీతి. రష్యాదేశమున 1917 మొదలు 1924 వఱకు నడచినది అట్టి కాలము.

1917లో చక్రవర్తి సింహాసనము విడిచెను. కాని అతని కాలపు బిళ్లలు మఱునాడే మూలబడలేదు. రెండుతలల గ్రద్దగల పాతబిళ్లలనే జనులు కవర్లకంటించుచుండిరి. ఖడ్గము పట్టిన చేయి సంకెలను ఖండించుచున్నట్టి బొమ్మతో క్రొత్త ప్రభుత్వపు బిళ్లలు 1918 నవంబరులోగాని వెలువడలేదు. ఆ యేడే పంచాంగమును మార్చిరి. జనవరి 31 మఱునాడు ఫిబ్రవరి 14 అయ్యెను. కావున ఈ నడిమి తేదీముద్రగల కవరు దొరకినచో, అది పాతలెక్క విడువని యూరిదో, కూటముద్రయో పరిశీలింపవలసివచ్చును.

అంతకంటె వింత యింకొకటి. 1919 జనవరి 1 మొదలు 1921 ఆగస్టు వఱకు సాధారణమైన ఉత్తరములను అచట వెల లేకయే పంపిరి. ఆనాటి సామాన్యపు కవరుపై బిళ్లయే యుండదు. బిళ్లకొఱకే వెదకువాడు దానిని పాఱవేయును. చరిత్ర తెలిసినవాడు కన్నులకద్దుకొనును. పిదప ధనము వెల పడిపోయెను. 1922లో పదివేల పాత రూబుళ్లను ఒక్కటి చేసిరి. 1923లో అట్టివి నూఱింటిని మరల ఒక్కటి చేసిరి. 1924లో ఆ మూడవదానివి ఏబదివేలు కలిసి ఒక బంగారు రూబులయ్యెను. మొదటి లెక్కకు దింపిన అది అయిదువేల కోట్లు! పాతబిళ్లలపై క్రొత్త వెలలను అచ్చొత్తి అమ్మిరి. అట్టివానికి నకళ్లు చేయుట సులభము గనుక మోసములును మెండు. బిళ్లపై సగమును కవరుపై సగమును పడిన తపాలా ముద్రయు, ఉత్తరములోని తేదీయు, ఊరిపేరును ఒకదానితోనొకటి పొసగినచో నమ్మకము కలుగును. బిళ్లను కత్తిరించితిమా, ఈ సాక్ష్యములన్నియు పోయినట్లే.

దూరదేశపు మాట మనకేల యందురేమో. మన తెలుగుదేశముననే ఇట్టి కథ యొకటి గలదు. హైదరాబాదు సంస్థానమునకు 1869 నుండి సొంత తపాలాబిళ్లలుండెడివి. 1931లో వెలువడినవానిలో ఒక అణాబిళ్లపై చార్‌మినారు, రెండణాలదానిపై హైకోర్టు, నాలుగణాలదానిపై ఉస్మాన్‌సాగరము, ఎనిమిదణాలదానిపై అజంతా గుహద్వారము చిత్రింపబడినవి. 1947 తరువాతివానిలో ఓరుగల్లు కోట తోరణమును, గోలకొండయు చోటుగొనినవి. ఈ బిళ్లలు సంస్థానము లోపలనే చెల్లెడివి. ఓరుగంటి తల్లి బెజవాడలోని కూతునకు వ్రాయవలెనన్న ఇంగ్లీషు ప్రభుత్వపు బిళ్ల వలయును. తల్లీబిడ్డల నడుమ రాజ్యపుటెల్ల ఎట్లుండెనో ఆ కవరు చెప్పినట్లు ఏ పటము చెప్పగలదు?

1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వము లొంగిపోయెను. అయినను నిజాము బిళ్లలు 1950 వఱకు నడచినవి. 1949 నాటి ముద్రపడిన హైదరాబాదు కవరు, పోయిన యేలికపు చిహ్నము క్రొత్త యేలికలో ఊళ్లు తిరిగినదనుటకు సాక్ష్యము. మన పెనుకొండ, హిందూపురము సీమలోను ఇంతే. 1947 ఆగస్టు 15 పిదపను ఆఱవ జార్జిరాజు బొమ్మయే మన కార్డులపై నుండెను. స్వతంత్ర భారతమున మొదటి బిళ్ల ఆ నవంబరు 21న వచ్చినది. మా పరిగికి పొరుగున మైసూరు సీమయందు చిక్కదేవరాయల కాలమున మొదలైన ‘అంచె’ యను సొంత తపాలా 1889లో ఇంగ్లీషు తపాలాలో కలిసిపోయినది. మనము ‘అంచెలంచెలుగా’ అనునపుడు ఆ పరుగు ఇంకను వినబడుచునే యున్నది.

ఇక స్త్రీలమైన మనకు ముఖ్యమైన సంగతి. మన పాత కవర్లపై స్త్రీ పేరు అరుదు. పైన భర్త పేరో మామగారి పేరో యుండును. లోపల మాత్రము ‘చి. ల. సౌ.’ యని ఆమె పేరు. బిళ్ల కత్తిరించి తక్కినది పాఱవేసినచో పోవునది ఆ పేరే. పురిటికి వచ్చుటకు బండి ఎప్పుడు పంపెదరో, కఱవు సంవత్సరమున పుట్టింట ధాన్యమెట్లున్నదో, చదువు మానిపించిన పిల్ల ఏమనుకొనినదో, ఏ దఫ్తరములోను దొరకదు. ఇట్టి కాగితములలోనే దొరకును.

అశుభవార్త తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించివేయుట మన యాచారము. దానిని నేను తప్పుపట్టను. అయితే అందుచేత మన కట్టలలో పెండ్లిండ్లును పురుళ్లును మిగులును, మరణములు మిగులవు. కట్టను చదువువారు ఈ కొఱతను మనసున నుంచుకొనవలెను.

కట్టను దించినపుడు చేయదగినవి కొన్ని. తీగనుండి రంధ్రము చిరుగకుండ మెల్లగా తీయుడు. కవరును, ఉత్తరమును విడదీయకుడు. బిళ్లను నీటిలో నానవేయకుడు. చిరిగినచోట జిగురుగాని అంటుపట్టీగాని వేయకుడు; కాలక్రమమున అవి పసుపువన్నె తిరిగి కాగితమును తినివేయును. తడిలేని పెట్టెలో, శుభ్రమైన తెల్లకాగితము నడుమ నుంచుడు. వ్రాసినది ఎవరు, పొందినది ఎవరు అను వివరము వేఱొక కాగితముపై వ్రాసి జతపఱుపుడు. ఇంటి పెద్దవారు ఉండగనే అడిగి తెలిసికొనుడు. వారు పోయిన పిదప ‘మీ అక్క’ యని చేవ్రాలు చేసిన ఆమె ఏ అక్కయో చెప్పువారుండరు.

ఒకరి మనసువిప్పి వ్రాసినది పదిమందిలో చదువదగునా యను ప్రశ్నయు న్యాయమైనదే. వ్రాసినవారో పొందినవారో సజీవులైనచో వారి యనుమతి లేక ఎవరికిని చూపరాదు, అమ్మరాదు. దాచుట వేఱు, చాటుట వేఱు. నలుబది యేండ్లు మూసియుంచి మనుమరాలి చేతికిచ్చినను దాచినట్లే.

నేడు మాట చేతిలోని యంత్రమున క్షణములో పోవుచున్నది. ఉత్తరములు వ్రాయువారు తగ్గిరి. కావున అటకమీద నున్నవే ఉన్నవి. ఇక క్రొత్తవి చేరుట అరుదు. ఈ మాఱు సున్నపుపని వేళకు పాతకాగితములవాడు వాకిట కేకవేసినచో, పత్రికలను తూచి యిచ్చి, ఆ తీగను మాత్రము లోపలనే యుంచుడు.