బంగ్లాదేశ్ విమోచన యుద్ధం: జాబితాకెక్కని జీవితాలు

1971 డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం చేశారు. సుమారు 93 వేల మంది యుద్ధఖైదీలయ్యారు. దక్షిణాసియా పటంలో కొత్త దేశం అవతరించింది. విశాఖ తీరంలో ఘాజీ జలాంతర్గామి మునక ద్వారా ఈ యుద్ధం తెలుగువారికీ పరిచితమే. అయితే యుద్ధం ముగిశాక యోధులెవరు, పౌరులెవరు అని తేల్చే జాబితాల చుట్టూ మొదలైన మరో పోరు గురించి తెలిసినవారు తక్కువ. అది నేటికీ ముగియలేదు.

ఆ పోరు ఎంత బలమైనదో 2024లో ప్రపంచం చూసింది. విమోచన యోధులకు ప్రభుత్వోద్యోగాల్లో కల్పించిన 30 శాతం కోటా కాలక్రమంలో వారి పిల్లలకు, ఆపై మనుమలకూ విస్తరించింది. దానిపై ఉద్యమించిన విద్యార్థులను ఉద్దేశించి నాటి ప్రధాని షేక్ హసీనా రజాకార్ల ప్రస్తావన తెచ్చారు. హైదరాబాద్ సంస్థానపు చివరి రోజులు తెలిసిన తెలుగువారికి ఆ మాటలోని గాయం వేరే చెప్పనక్కర్లేదు. 1971లో తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడిన సాయుధ దళానికీ అదే పేరు. జూలై 21న సుప్రీంకోర్టు యోధుల కుటుంబాల కోటాను 5 శాతానికి తగ్గించినా ఆగ్రహం చల్లారలేదు. ఆగస్టు 5న హసీనా దేశం విడిచారు.

పదవులకూ ప్రయోజనాలకూ ద్వారమైన ఆ జాబితాలోకి అనర్హులూ చేరారు. కొందరు ప్రభుత్వ కార్యదర్శుల యోధ ధ్రువపత్రాలే నకిలీవని తేలి 2014లో రద్దయ్యాయి. అర్హులలో ఎందరో మాత్రం దశాబ్దాలు వేచి చూశారు.

తారామన్ బీబీ ఉదంతమే ఇందుకు సాక్ష్యం. ముక్తివాహిని శిబిరంలో వంట చేయడానికి చేరిన ఈ కురిగ్రామ్ బాలిక తుపాకీ పట్టి పోరాడింది. 1973లో ప్రభుత్వం 426 మందికి 'బీర్ ప్రతీక్' శౌర్య పతకం ప్రకటించింది. వారిలో స్త్రీలు ఇద్దరే: ఒకరు సైనిక వైద్యురాలు సితారా బేగం, మరొకరు తారామన్. తనకు పతకం వచ్చిన సంగతి తారామన్‌కు 1995 వరకు తెలియలేదు. అప్పటిదాకా ఆమె పేదరికంలో, అజ్ఞాతంగా బతికారు.

ఆయుధం పట్టని స్త్రీల పరిస్థితి మరింత దయనీయం. యుద్ధకాలంలో అత్యాచారాలకు గురైన స్త్రీల సంఖ్య 2 లక్షలకు పైబడి ఉంటుందని సాధారణంగా చెప్పే అంచనా. వారిని గౌరవించాలనే ఉద్దేశంతో షేక్ ముజిబుర్ రెహమాన్ ప్రభుత్వం 'వీరాంగన' బిరుదునిచ్చింది. సమాజం ఆ బిరుదును కళంకంగా మార్చింది. ఎన్నో కుటుంబాలు వారికి తలుపులు మూశాయి. వారికి పుట్టిన బిడ్డలలో కొందరు 1972లో దత్తతపై కెనడా వంటి దేశాలకు తరలిపోయారు. శిల్పి ఫిర్దౌసీ ప్రియభాషిణి తన అనుభవాన్ని 1990లలో బహిరంగంగా చెప్పడం అందుకే సాహసమైంది. వీరాంగనలను విమోచన యోధులుగా గుర్తించడం 2015లో గానీ మొదలు కాలేదు. మొత్తం యోధుల జాబితాలో సుమారు 2 లక్షల పేర్లుండగా, గుర్తింపు పొందిన వీరాంగనలు వందల్లోనే ఉన్నారు. దరఖాస్తు చేయడమంటే దాచుకున్న గతాన్ని ఊరందరి ముందు మళ్లీ విప్పడమే కదా.

అసలు ఏ జాబితాలోనూ చోటు దక్కనివారు ఉర్దూ మాతృభాషగా గల 'బీహారీలు'. దేశ విభజన వేళ తూర్పు బెంగాల్‌కు వలస వచ్చిన ఈ సమూహంలో పలువురు పాకిస్తాన్ పక్షాన నిలిచిన మాట నిజం. కానీ ఏ పాపమూ ఎరుగని కుటుంబాలు కూడా ప్రతీకార హత్యలకు బలయ్యాయి. పాకిస్తాన్ వారిలో కొందరినే స్వీకరించింది. మిగిలినవారు ఢాకాలోని జెనీవా క్యాంపు వంటి ఇరుకు శిబిరాల్లో ఏ దేశానికీ చెందనివారుగా మిగిలారు. యుద్ధకాలానికి మైనర్లుగా ఉన్నవారు, ఆ తర్వాత పుట్టినవారు బంగ్లాదేశ్ పౌరులేనని 2008లో హైకోర్టు తీర్పు చెప్పింది. ఓటు వచ్చింది గానీ, శిబిరపు చిరునామా నేటికీ వారికి అడ్డంకిగానే ఉంది.

ఆయుధం పట్టినవారిని, సహకరించినవారిని వేరు చేస్తూ తాత్కాలిక ప్రభుత్వం 2025 జూన్‌లో యోధుల నిర్వచనాన్ని మార్చింది. యుద్ధవార్తలను, పాటలను ప్రజలకు చేర్చిన స్వాధీన్ బంగ్లా రేడియో కళాకారులు, పాత్రికేయులు ఇప్పుడు 'సహయోగుల' వర్గంలో ఉన్నారు. వీరాంగనలు మాత్రం యోధులుగానే కొనసాగుతున్నారు. అది ఊరట కలిగించే అంశం.

ప్రభుత్వం మారినప్పుడల్లా నిర్వచనం మారితే చరిత్ర పాలకుల చేతి పనిముట్టవుతుంది. జాబితాల ప్రక్షాళన అవసరమే. అయితే నకిలీలను తొలగించే ఉత్సాహంలో, ఆధారాలు చూపలేని నిరుపేద వృద్ధురాలు మరోసారి వెనుకబడిపోకూడదు. 1971 నాటి ప్రత్యక్ష సాక్షులు ఒక్కొక్కరుగా కన్నుమూస్తున్నారు. వారికి న్యాయం చేసేందుకు మిగిలిన వ్యవధి చాలా స్వల్పం.