ఊరంతా నడిచిన బాటే మన బాటా?

* పది, ఇంటర్‌ తరవాత ఉద్దానం పిల్లల ముందున్న ప్రశ్న
* ఉద్యోగం పేరు కన్నా రోజువారీ పనే కొలమానం కావాలి

టెక్కలి: ఏటా వేసవిలో పది, ఇంటర్‌ ఫలితాలు వెలువడగానే టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతాల్లో ఇంటింటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది. తరవాత ఏమిటి? సమాధానం కోసం ఎక్కువమంది పెద్దగా ఆలోచించరు. పక్కింటి కుర్రాడు వెల్డింగ్‌ నేర్చుకుని సింగపూర్‌ వెళితే ఈ ఇంటి కుర్రాడికీ అదే బాట. మేనమామ కూతురు ఇంజినీరింగ్‌లో చేరితే ఈ అమ్మాయికీ ఎంపీసీయే. మార్కులు బాగా వస్తే ఎంపీసీ లేదా బైపీసీ, తగ్గితే ఐటీఐ, అదీ కుదరకపోతే వలస. చాలా ఇళ్లలో కొలబద్ద ఇంతే. ‘నీకు ఏ పని ఇష్టం? ఏ పనిలో అలసట తెలియదు?’ అని పిల్లలను అడిగేవారు తక్కువ.

ఈ తొందరపాటుకు మూల్యం ఉంది. ఇష్టం లేని కోర్సులో చేరినవారు మధ్యలో మానేస్తే కట్టిన రుసుముతో పాటు ఒకటి రెండేళ్ల కాలమూ పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది.

తొందర ఎందుకంటే...

తల్లిదండ్రులను నిందించి ప్రయోజనం లేదు. ఉద్దానం బతుకు కొబ్బరి, జీడి, పనస తోటలపై ఆధారపడింది. 2013 అక్టోబరు 12న పైలిన్‌, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు ఆ తోటలను నేలకూల్చాయి. నాటిన కొబ్బరి మొక్క కాపునకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తిత్లీ నాటికి మూడో తరగతిలో ఉన్న పిల్లలు 2026లో పదో తరగతి పరీక్షల ఈడుకు వచ్చారు. అంటే వారి బడి వయసులో ఎక్కువ భాగం ఇంట్లో తోట ఆదాయం సరిగా లేకుండానే గడిచింది. దీనికి కిడ్నీ వ్యాధి తోడైంది. సంపాదించే మనిషి డయాలసిస్‌ మంచం ఎక్కిన ఇంట్లో పెద్ద పిల్లవాడు త్వరగా నాలుగు డబ్బులు తేవాలనుకోవడం సహజం. అందుకే ‘ఏది ఇష్టం’ అనే ప్రశ్న ఇక్కడ విలాసంగా కనిపిస్తుంది.

నిజానికి అది విలాసం కాదు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న కుటుంబానికి రెండోసారి ప్రయత్నించే వెసులుబాటు ఉండదు. కాబట్టి ఎంపికలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వారే.

పేరు కాదు... పని చూడాలి

ఇంజినీరు, నర్సు, నావికుడు, ఉపాధ్యాయుడు... ఇవన్నీ పేర్లు. పేరు వెనుక రోజంతా చేసే పని ఒకటి ఉంటుంది. నర్సు అంటే రాత్రి విధులు, రక్తం, బాధతో విసుక్కునే రోగులు. వెల్డర్‌ అంటే వేడి, ఇరుకు చోట్లు, గంటల తరబడి ఒకే భంగిమ, అదరని చెయ్యి. నావికుడంటే నెలల తరబడి ఇంటికి దూరం. ఉపాధ్యాయుడంటే ఒకే పాఠాన్ని నలభై మందికి నలభై విధాలుగా చెప్పే ఓపిక. గుమస్తా అంటే కదలకుండా కూర్చుని అంకెలు సరిచూడటం. జీతం నెలకు ఒకసారి వస్తుంది, పని రోజూ ఉంటుంది.

కోర్సు ఎంచుకునే ముందు విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. చేతులతో చేసే పని ఇష్టమా, మనుషులతో మాట్లాడే పనా, అంకెలు కాగితాల పనా? నాలుగు గోడల మధ్య ఉండగలనా, ఆరుబయట తిరగాలా? ఒక్కడినే పనిచేయడం నచ్చుతుందా, బృందంలోనా? ఊరికి దూరంగా ఏళ్ల తరబడి ఉండగలనా? వీటికి జవాబులు రాసుకుంటే వచ్చిన మార్కులకు అర్థం తెలుస్తుంది.

స్వభావాలు ఆరు రకాలు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్‌ హాలండ్‌ 1959లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనుషుల అభిరుచులను, వృత్తులను ఆయన ఆరు తరగతులుగా విభజించారు. ప్రపంచమంతటా వృత్తి సలహాదారులు నేటికీ దాన్ని వాడుతున్నారు. ఆ ఆరింటికీ మన ప్రాంతంలోనే ఉదాహరణలు దొరుకుతాయి.

మొదటి తరగతి యంత్రాలు, పనిముట్లపై ఆసక్తి ఉన్నవారిది. సైకిలు చెడితే తామే విప్పి చూసే పిల్లలు ఈ కోవలోకి వస్తారు. టెక్కలి పరిసరాల నీలి గ్రానైట్‌ పరిశ్రమల్లో కోత, పాలిష్‌ యంత్రాలు, పడవల ఇంజిన్లు, విద్యుత్తు పనులు వీరికి నప్పుతాయి. రెండోది ‘ఎందుకిలా?’ అని తరచి చూసే గుణం. ఉద్దానం కిడ్నీ వ్యాధికి కచ్చితమైన మూలకారణం ఏమిటన్నది ఏళ్ల పరిశోధన తరవాతా పూర్తిగా తేలలేదు. ప్రయోగశాల, నీటి పరీక్షలు, తోటల పరిశోధన ఇలాంటి వారి కోసమే ఎదురుచూస్తున్నాయి. మూడోది సృజన. జిల్లాకు పేరు తెచ్చిన పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి సామగ్రి దీని ఫలితాలే.

నాలుగోది సేవాగుణం. బోధన, నర్సింగ్‌, ఫిజియోథెరపీ దీని కిందకు వస్తాయి. అయిదోది బేరమాడి ఒప్పించే నేర్పు. పలాస జీడిపప్పు వ్యాపారం, కొబ్బరి మండీలు, మందస కోవా అమ్మకాలు ఈ నేర్పుపైనే నడుస్తున్నాయి. ఆరోది క్రమపద్ధతి. లెక్కలు, రికార్డులు, బ్యాంకు పని, ఎగుమతి దిగుమతుల పత్రాలు ఇలాంటివారి చేతిలో పొరపాటు లేకుండా సాగుతాయి.

ఎవరూ ఒకే గడిలో ఇమడరు. సాధారణంగా రెండు మూడు గుణాలు కలిసి ఉంటాయి. యంత్రాలంటే ఇష్టం, సేవాగుణం రెండూ ఉన్న విద్యార్థికి డయాలసిస్‌ టెక్నీషియన్‌ పని బాగా నప్పవచ్చు. లెక్కల్లో దిట్ట, బేరంలో నేర్పరి అయిన అమ్మాయి జీడిపప్పు ఎగుమతిలో రాణించవచ్చు. పరీక్ష దారి చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు. ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ‘తమన్నా’ సహజ సామర్థ్య పరీక్ష, 2015లో మొదలైన జాతీయ కెరీర్‌ సర్వీసు పోర్టల్‌ ఇందుకు అందుబాటులో ఉన్న సాధనాలు. వీటి కోసం ప్రైవేటు సంస్థలకు వేల రూపాయలు చెల్లించనక్కర్లేదు.

కళ్లెదుటే పనిశాలలు

పుస్తకం చదివి పనిని తెలుసుకోవడం కష్టం. చూడాలి. ఆ అవకాశం ఈ ప్రాంతానికి దండిగా ఉంది. పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలను ఉడికించడం, పగలగొట్టడం, వేడి గదుల్లో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్‌ వరకు అన్ని దశలూ చూడవచ్చు. పప్పును డబ్ల్యూ-180, 210, 240, 320 అని ఎందుకు విడదీస్తారో తెలుసుకోవచ్చు. పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయో చెప్పే అంకె అది. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. ఈ పరిశ్రమ అనగానే పిక్కలు పగలగొట్టే మహిళలే గుర్తుకు వస్తారు. బాయిలర్‌ నిర్వహణ, యంత్రాల మరమ్మతు, నాణ్యత పరీక్ష, ప్యాకింగ్‌, ఆఫ్రికా దేశాల నుంచి పిక్కల దిగుమతి వ్యవహారాలు కూడా అందులోని ఉద్యోగాలే.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అక్కడ వైద్యుడితో పాటు నర్సు, ల్యాబ్‌ టెక్నీషియన్‌, డయాలసిస్‌ టెక్నీషియన్‌ కూడా కావాలి. సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌ 19న శంకుస్థాపన జరిగింది. రేవు అంటే కూలి పని ఒక్కటే కాదు. క్రేన్‌ ఆపరేటర్‌, ఎలక్ట్రీషియన్‌, గోదాముల లెక్కలు, కస్టమ్స్‌ పత్రాల పని తెలిసినవారు అవసరం. స్థానికులకు ప్రాధాన్యం కోరడం న్యాయమే. ఆ పనులకు తగిన చదువు ముందుగా సిద్ధం చేసుకోకపోతే ప్రాధాన్యం కాగితానికే పరిమితమవుతుంది.

తొమ్మిదో తరగతిలోనే విద్యార్థులను ఏడాదికి నాలుగైదు పనిచోట్లకు తీసుకెళ్లి, ఒక పూట అక్కడ ఉంచితే చాలు. ఏ పని దగ్గర ఎవరి కళ్లు మెరుస్తాయో ఉపాధ్యాయులకు తెలిసిపోతుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. ప్రధానోపాధ్యాయుడు, పరిశ్రమ యజమాని మాట్లాడుకుంటే సరిపోతుంది.

నిచ్చెనలు అనేకం

ఒకసారి ఐటీఐలో చేరితే అంతే, ఇంటర్‌లో గ్రూపు తప్పితే ఇక దారి లేదు అన్న భయం చాలా ఇళ్లలో ఉంది. అది వాస్తవం కాదు. రెండేళ్ల ఐటీఐ పూర్తిచేసినవారు బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్‌ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్‌ డిప్లొమా ఉన్నవారు ఈసెట్‌ రాసి ఇంజినీరింగ్‌ రెండో ఏడాదిలో అడుగుపెట్టవచ్చు. టెక్కలిలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్‌, 2001లో స్థాపించిన ఆదిత్య ఇంజినీరింగ్‌ కళాశాల ఉన్నాయి. గణితం, జీవశాస్త్రం రెండూ ఇష్టపడేవారి కోసం ఇంటర్‌ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీ తెచ్చింది. ఎచ్చెర్లలోని ట్రిపుల్‌ ఐటీ పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల సమీకృత బీటెక్‌లోకి తీసుకుంటుంది.

తోటల మధ్య పెరిగి మొక్కలంటే మక్కువ ఉన్నవారికి పది తరవాత రెండేళ్ల వ్యవసాయ, ఉద్యాన డిప్లొమాలున్నాయి. డిగ్రీ చదవాలంటే జిల్లాలోని నైరా వ్యవసాయ కళాశాల ఉంది. సముద్రమే లోకమైన మత్స్యకార కుటుంబాల పిల్లలకు విశాఖపట్నంలోని సిఫ్‌నెట్‌ కేంద్రం పదో తరగతి అర్హతతో వెసల్‌ నావిగేటర్‌, మెరైన్‌ ఫిట్టర్‌ కోర్సులు నేర్పుతోంది. ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు కూలికి వెళ్లి, 2018 నవంబరులో పాకిస్థాన్‌ బలగాలకు పట్టుబడి, 2020 జనవరి వరకు చెరలో మగ్గిన సంగతి ఈ తీరం మరవలేదు. అదే సముద్రాన్ని అర్హత పత్రంతో ఆశ్రయించడం వేరు, గత్యంతరం లేక ఆశ్రయించడం వేరు.

నిరీక్షణకు హద్దు ఉండాలి

సర్కారు కొలువుపై మోజు తప్పు కాదు. బోధన అంటే ప్రాణం పెట్టేవారు డీఎస్సీకి, దేహదారుఢ్యం, క్రమశిక్షణ ఉన్నవారు పోలీసు, సైన్యానికి సిద్ధం కావాల్సిందే. గడువు మాత్రం ముందే గీసుకోవాలి. 2018 డీఎస్సీ తరవాత మళ్లీ పెద్ద ఎత్తున ఉపాధ్యాయ నియామకాలు జరిగింది 2025లో. ఆ ప్రకటనలో 16,347 పోస్టులున్నా, మధ్య ఏళ్లలో వయసు కరిగినవారు ఎందరో. 2022 నవంబరులో వెలువడిన 6,100 కానిస్టేబుల్‌ పోస్టుల ప్రకటనకు తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో సేవ నాలుగేళ్లు. గరిష్ఠంగా నాలుగో వంతు మందినే కొనసాగిస్తామని అప్పుడే ప్రకటించారు. కాబట్టి చేతిలో మరో నైపుణ్యం ఉంచుకుని ప్రయత్నించడం మేలు.

విదేశీ ఉద్యోగమైతే...

వెల్డర్‌, ఫిట్టర్‌, రిగ్గర్‌గా విదేశాలకు వెళ్లడం ఉద్దానానికి కొత్త కాదు. పని వచ్చి, ఇష్టపడి వెళ్లినవారు ఇళ్లు కట్టుకున్నారు. అప్పు చేసి దళారి చెప్పిన దేశానికి వెళ్లి, తెలియని పనిలో చిక్కుకుని తిరిగి వచ్చినవారూ ఉన్నారు. డబ్బు చేతికి ఇచ్చే ముందు మూడు విషయాలు సరిచూడాలి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో ఉందా? ఇస్తున్నది పని వీసాయా, సందర్శక వీసాయా? ఒప్పంద పత్రంలో రాసిన పని, జీతం నోటితో చెప్పినవేనా? ఓడ ఉద్యోగమైతే సంస్థకు నౌకా రవాణా డైరెక్టరేట్‌ జనరల్‌ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్‌ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుల నుంచి ఆ సంస్థలు డబ్బు వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. లక్షలు అడిగారంటేనే అనుమానించాలి.

త్వరగా సంపాదించక తప్పని ఇంట్లోనూ ఎంపికకు చోటు ఉంది. ఆరేళ్ల చదువు సాధ్యం కాకపోతే, ఇష్టమైన దిశలోనే ఏడాది రెండేళ్ల కోర్సు వెతకాలి. వైద్య రంగం ఇష్టమై ఎంబీబీఎస్‌ అందకపోతే ఇంటర్‌ తరవాత రెండేళ్ల డయాలసిస్‌ డిప్లొమా ఉంది. యంత్రాలు ఇష్టమై బీటెక్‌ భారమైతే ఐటీఐ ఉంది. పని చేస్తూ తరవాతి మెట్టు ఎక్కవచ్చు. దిశ తప్పి ముందుకు పోయినవారికే వెనక్కి రావడం కష్టం.

ఈసారి ఫలితాలు రాగానే పక్కింటివారు ఏం చేర్పించారని వాకబు చేసే ముందు, తల్లిదండ్రులు పిల్లలను ఒక పూట కూర్చోబెట్టుకుని వారి మాట వినాలి. మరో పూట వారు కోరిన పనిచోటికి వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆ తరవాతే దరఖాస్తు నింపాలి.