ద్వీపయాత్రలో సముద్రపు వంతు

శీతకాలపు సెలవులు సమీపించునప్పటికి మన మధ్యతరగతి గృహములలో అండమాను ప్రయాణపు మాట వినవచ్చుట ఇటీవల సాధారణమైనది. విమానము రెండు మూడు గంటలలోనే శ్రీవిజయపురమున, అనగా 2024 వఱకు పోర్టుబ్లెయిరని పిలువబడిన పట్టణమున, దింపుచుండుటచేత ఆ దూరమిప్పుడు దూరముగా తోచుట లేదు. అయితే యాత్రకు పూనుకొనువారు కాశికో ఊటీకో పోవునప్పటి పద్ధతినే టిక్కెట్టు ఇంత, గది ఇంత, భోజనమింత అని వేసికొని, అంతటితో లెక్క ముగిసినదని తలంచుచుండుట నాకు విచారము కలిగించుచున్నది. ద్వీపమున ధరను నిర్ణయించునది సముద్రము. కాలమును నిర్ణయించునదియు సముద్రమే. దానికి చెందవలసిన వంతును ముందుగా తీసిపెట్టిన పిమ్మటనే తక్కిన ఖర్చులను పంచుకొనవలెనని నా దృఢాభిప్రాయము.

బియ్యము, పప్పు, సిమెంటు, డీజిలు మొదలుగా అక్కడివారి నిత్యావసరములలో అధికభాగము వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సముద్రమును ఓడలమీద దాటి రావలసినవే. విద్యుత్తులో పెక్కుపాలు ఆ డీజిలును కాల్చి పుట్టించినది. పట్టణమునకు త్రాగునీరు ముఖ్యముగా ధనిఖారి జలాశయమునుండి వచ్చునది, వేసవిలో కొఱతపడునది. కావున చల్లనిగదికిని, వేడినీటికిని, పళ్లెమెడు అన్నమునకును అక్కడ హెచ్చుగా చెల్లింపవలసి వచ్చినప్పుడు దానిని వర్తకుని దురాశగా భావింపక, సముద్రము వసూలు చేయు సుంకముగా గ్రహించుట న్యాయము.

ఇక లెక్కకు ఒక క్రమము కలదు. మొదట నిర్ణయింపవలసినది మాసము. ఆ దీవులలో ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. మే నెల ద్వితీయార్ధమున నైరృతి ఋతుపవనము ప్రవేశించినది మొదలు నెలల తరబడి సముద్రము కల్లోలితమై యుండును. జనవరినుండి ఏప్రిలు వఱకు అది చాలవఱకు శాంతము. డిసెంబరు తుదివారమున అందఱును ఒక్కుమ్మడిగా బయలుదేరుటచేత విమానపు ఛార్జీ మిన్నుముట్టును గనుక, బడికి పోవు పిల్లలు లేనివారు ఫిబ్రవరిని ఎన్నుకొనిన యెడల ఆ ఒక్క నిర్ణయముననే తక్కిన పొదుపులన్నిటికంటె మిన్నయైన పొదుపు సిద్ధించును. విశాఖపట్టణము, చెన్నపట్టణము, కలకత్తాలనుండి ప్రయాణికుల ఓడలును కలవు. బంకు టిక్కెట్టు చవుకయే కాని, రెండున్నర మూడు దినములు నీటిమీదనే గడపవలసి యుండుటచేతను, విశాఖనుండి ఓడ అరుదగుటచేతను, తీరిక గలవారికే అది లాభము.

రెండవది గడియారము. తూర్పున అంత దూరముననున్నను అక్కడ చెల్లునది మన గడియారమే యగుటచేత, శీతకాలమున సాయంకాలము ఐదుగంటలకే సూర్యుడస్తమించును. మధ్యాహ్నము దిగినవానికి ఆ దినము గదిలోనే వెచ్చమైపోవును. ఉదయపు విమానమునకు కొంత అధికముగా చెల్లించినను, అది ఒక పగటిని కొనుటయే కాని దుర్వ్యయము కాదు.

మూడవది, నేను మిక్కిలిగా నొక్కి చెప్పదలచినది, విడి దినము. 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మారిన హావ్‌లాక్, నీల్ దీవులకు యాత్రికులు సాధారణముగా పడవలమీదనే పోవలెను. గాలి లేచినచో పడవలు నిలిచిపోవును. నిలిచిన పడవ ఛార్జీ తిరిగి రావచ్చును. తప్పిన విమానపు టిక్కెట్టు సొమ్ము అట్లు రాదు. ఉదయమున దీవినుండి మరలి ఆనాడే విమానమెక్కుదమని ఏర్పాటు చేసికొన్నవారు, ఒక రాత్రి గది అద్దె మిగిల్చుటకై కుటుంబమందఱి టిక్కెట్ల సొమ్మును గాలికి పణముగా ఒడ్డుచున్నారు. కావున తుది దినమును శ్రీవిజయపురమునకే ఉంచవలెను. మొత్తములో పదియవ వంతును నగదుగా విడిగా దాచవలెను. వాన రాక, పడవ ఆగక ఆ దినము మిగిలిపోయినచో, 1906లో నిర్మాణము ముగిసిన సెల్యులర్ జైలును తొందరలేక దర్శింపవచ్చును. దేశమునకై అక్కడ శిక్షననుభవించినవారిని స్మరించుటకు ఒక దినము అధికమనిపించుకొనదు.

పొదుపు చేయదగిన తావులు లేకపోలేదు. ప్రైవేటు పడవకంటె ప్రభుత్వపు పడవ చాల చవుక. విలాసపు రిసార్టుకంటె సామాన్యపు లాడ్జి చాలును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరమునుండి తరలివెళ్లిన మత్స్యకార కుటుంబములు వారిలో నున్నవి. చిన్న హోటలులో మన భాషలోనే పలుకరించి తాజా చేపలకూరతో భోజనము చేసినచో ఖర్చును తగ్గును, ఆ సొమ్మును అక్కడివారికే చేరును.

కాని ప్రాణరక్షణయందు పొదుపు కూడదు. 2014 జనవరి 26న శ్రీవిజయపురమునకు సమీపముననే, పరిమితికి మించి జనమునెక్కించుకొన్న విహారనౌక మునిగి ఇరువదిమందికి పైగా యాత్రికులు మరణించిరి. క్రిక్కిరిసిన పడవలో చోటు చవుకగా దొఱికినను నిరాకరింపవలెను. లైఫ్ జాకెట్టు లేనిచోట ఎక్కరాదు. శిక్షణ పొందిన గురువు లేక స్కూబా డైవింగుకు దిగరాదు. అట్లే ఆ దీవుల ఆదిమవాసులైన జారవాలను చూపింతుమని చెప్పువారికి ఒక్క రూపాయియైనను ఈయరాదు; ఆ జనుల జీవితము మన విహారమునకు వెలకట్టి కొనదగినది కాదు, చట్టమును దానిని నిషేధించుచున్నది.

ఇంత లెక్కించిన వెనుక సొమ్ము చాలదని తేలినవారికి నేను చెప్పునది ఒక్కటే. ద్వీపములలో ఒకదానిని తగ్గించుకొనుడు. విడి దినమును మాత్రము తగ్గింపకుడు. మూడు దీవులను పరుగులతో చుట్టివచ్చుటకంటె ఒక దీవిని నిశ్చింతగా చూచి, ఋణము లేక క్షేమముగా ఇల్లు చేరుటయే సామాన్యగృహస్థునకు సఫలమైన యాత్ర.