జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

వానాకాలం మొదలైతే మా స్టాఫ్‌రూమ్ టేబుల్ మీద సెలవు చీటీలు పెరుగుతాయి. డెంగ్యూ అని కనిపించగానే ఇంటికి ఫోన్ చేస్తాం. తరచూ వినిపించే జవాబు ఇదీ: "ప్లేట్‌లెట్లు తగ్గాయి మేడమ్. బొప్పాయి ఆకు రసం పట్టిస్తున్నాం. జ్వరం తగ్గగానే పంపించేస్తాం, స్లిప్ టెస్టులు ఉన్నాయి కదా!"

ఈ జవాబులో రెండు విషయాలు నాకు భయం కలిగిస్తాయి.

మొదటిది తిండి. డెంగ్యూ ముదిరేది ఇమ్యూనిటీ తక్కువైనందుకే అనుకుంటాం. నిజానికి వైరస్‌పై శరీరం చేసే పోరాటమే కొందరు పిల్లల్లో అదుపు తప్పుతుంది. సన్నని రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది. డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చి తగ్గాక మరో రకం సోకితే, పాత యాంటీబాడీలే దానికి సాయపడవచ్చు. అందుకే రెండోసారి ప్రమాదం ఎక్కువ.

కాబట్టి ఆ వారం ఇమ్యూనిటీ పౌడర్లతో పనిలేదు. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా, మాటిమాటికీ ఇవ్వండి. తినగలిగితే మెత్తటి పప్పన్నం చాలు. చేదు రసం తాగి వాంతి చేసుకుంటే ఒంట్లో ఉన్న నీరూ పోతుంది. బీట్‌రూట్, దానిమ్మ రసాలు అప్పుడు వద్దు. వాంతిలో రక్తం పడినా గుర్తుపట్టలేం. ఆరు గంటలకోసారైనా మూత్రం వస్తోందో లేదో చూడండి. జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే. ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు.

రెండోది హాజరు. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే, సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. అది 24 నుంచి 48 గంటలు ఉంటుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన చేతులు, మత్తు, చిరాకు: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ రోజు పిల్లవాడిని స్కూల్ బస్సు ఎక్కిస్తే, క్లాసునిండా పిల్లల మధ్య ఈ లక్షణాలు నా కంట పడకపోవచ్చు.

తప్పంతా మీదే అనను. నూరు శాతం హాజరుకు అసెంబ్లీలో చప్పట్లు కొట్టించేది మేమే. డెంగ్యూ సెలవును ఆ లెక్కలోంచి తీసేయాలి, పోయిన టెస్టు మళ్లీ పెట్టాలి. ఈ మాట స్టాఫ్ మీటింగ్‌లో నేను అడుగుతాను. పేరెంట్స్ మీటింగ్‌లో మీరూ అడగండి.

అంతవరకు, డాక్టర్ సరే అన్నాకే బడికి పంపండి. పాఠం మళ్లీ చెప్పడానికి మేమున్నాం.