ఒక సున్న నేర్పిన పాఠం

ఇటీవల ఒక రాత్రి పదకొండు గంటలు దాటినా మా మనవరాలి గదిలో దీపం వెలుగుతూనే ఉన్నది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నది. కంప్యూటర్ ముందు కన్నీళ్లతో కూర్చుని, "ఈ చదువు నా వల్ల కాదు తాతయ్యా" అన్నది. రెండు వారాలుగా ఆమెకు నిద్ర చాలడం లేదనీ, ఆకలి మందగించిందనీ గమనిస్తూనే ఉన్నాను. కారణం ఆ రాత్రి తెలిసింది.

అదొక చిన్న అంకెల చిక్కు. మహారాష్ట్రలోని దేవలాలిలో పాఠశాల ఉపాధ్యాయుడైన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1949లో కనుగొన్నది. అంకెలన్నీ ఒకటే కాని నాలుగంకెల సంఖ్యను తీసుకుని, ఆ అంకెలను అవరోహణ, ఆరోహణ క్రమాలలో పేర్చి, పెద్దదాని నుంచి చిన్నదాన్ని తీసివేయాలి. వచ్చిన ఫలితంతో మళ్లీ అదే పని. 3524తో మొదలుపెడితే 5432 - 2345 = 3087; 8730 - 0378 = 8352; 8532 - 2358 = 6174. ఏ సంఖ్యతో ఆరంభించినా ఏడు మెట్లు మించకుండా 6174 చేరి తీరుతుంది.

ఆమె పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం 3524కు చక్కగా పనిచేసింది. 1000 ఇస్తే మాత్రం ఎంతకీ ఆగడం లేదు. సహాధ్యాయి ఒకరు తన ప్రోగ్రాం పంపుతానన్నాడట. "ఒక అరగంట ఆగమ్మా" అన్నాను.

నాకు ప్రోగ్రామింగ్ రాదు. రోగిని ప్రశ్నించడం వచ్చు. ఎంతవరకు బాగున్నది? ఎక్కడ చెడింది? ఒక్కొక్క మెట్టునూ కాగితం మీద చేతితో చేసి, కంప్యూటర్‌కు వచ్చిన సంఖ్యను పక్కనే రాయమన్నాను. మొదటి మెట్టులోనే తేడా కనిపించింది. 1000 నుంచి 0001 తీసివేస్తే కాగితం మీద 0999, తెర మీద 999. ముందున్న సున్నకు విలువ లేదని యంత్రం వదిలేసింది. తరువాతి మెట్టు 999 - 999 = 0; ఇక సున్న చుట్టూనే ప్రదక్షిణం. "సున్న పోయింది తాతయ్యా!" అని తానే కేక వేసింది. ఫలితాన్ని ప్రతిసారీ నాలుగు స్థానాలకు సున్నలతో నింపేట్టు మార్చగానే 0999, 8991, 8082, 8532, 6174 వరుసగా వచ్చాయి. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

సర్వీసులో ఉన్నప్పుడు హౌస్‌సర్జన్లు సందేహంతో వస్తే, ఓపీ రద్దీలో రోగనిర్ధారణ నేనే చెప్పి పంపేవాణ్ణి. వారం తిరక్కుండా అదే ప్రశ్నతో వస్తే విసుక్కునేవాణ్ణి. తప్పు నాదేనని ఇప్పుడు తెలుస్తున్నది. సిద్ధమైన జవాబు ఆనాటి నొప్పిని తగ్గిస్తుంది. కారణాన్ని వెదికే శక్తిని మాత్రం ఇవ్వదు. ఆ శక్తి లేనివారికి మరుసటి చిక్కు మరింత భయంకరంగా తోస్తుంది.

అలాగని కొత్తగా నేర్చుకునేవారిని ఒంటరిగా వదిలేయడమూ దయ కాదు. పక్కన కూర్చుందాం, ప్రశ్నలు వేద్దాం, జవాబును వారి నోటనే రానిద్దాం. అందుకు పెద్దలకు కంప్యూటర్ విద్య రానక్కరలేదు, ఓపిక ఉంటే చాలు. అయితే నిద్రలేమి, నిరాశ వారాల తరబడి వీడకపోతే దాన్ని చదువు ఒత్తిడే అని సరిపెట్టుకోక వైద్యుణ్ణి సంప్రదించండి. పైకి విలువ లేనట్టు కనిపించే సున్నను వదిలేస్తే లెక్క ఎటు పోతుందో చూశాం కదా!