భోగాపురం ప్లాటు కన్నా మస్జిద్ వీధి ఇల్లే కష్టం: ఉత్తరాంధ్రలో ఇల్లు కొనేవాళ్లు చూడాల్సిన కాగితాలు

భోగాపురం విమానాశ్రయానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి. రెండుసార్లూ విజయనగరం నుంచి తగరపువలస దాకా రోడ్డు పక్కన ప్లాట్ల బోర్డులు మొలిచాయి. అటు శ్రీకాకుళం జిల్లాలో మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో పునాది పడ్డాక టెక్కలి, సంతబొమ్మాళి వైపూ అదే వరస. ఇప్పుడు ఏ దావత్‌కి వెళ్లినా, ఏ నికాకి వెళ్లినా "ఎక్కడైనా రెండు సెంట్లు చూశారా భాయ్" అనే మాట వినపడుతోంది.

ప్లాట్ల మోసాల గురించి పేపర్లు చాలానే రాశాయి. అగ్రిగోల్డ్ దెబ్బ తిన్న జిల్లాలకు ఆ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మన కుటుంబాలకు అంతకంటే పెద్ద ప్రమాదం వేరే చోట ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల్లో ముస్లింలు ఒక్క శాతం కూడా లేరు. మస్జిద్‌కి నడిచి వెళ్లే దూరంలో, మనవాళ్లున్న వీధిలో ఇల్లు కావాలంటే దొరికేవి నాలుగైదు. ఒకటి అమ్మకానికి వచ్చిందంటే చాలు, ఇంకొకరు బయానా ఇచ్చేస్తారేమోనని తొందర. అమ్మేవాళ్లు తెలిసినవాళ్లే కాబట్టి కాగితాలు అడగడానికి మొహమాటం. భోగాపురం ప్లాటుకు లాయర్‌ని పెట్టుకునే మనిషే, పక్క వీధి చాచా ఇంటికి మాత్రం పాత దస్తావేజు జిరాక్స్ చూసి డబ్బులిచ్చేస్తాడు.

ముందు ఒక భ్రమ పోవాలి. రిజిస్ట్రేషన్ అయిపోతే ఇల్లు మనదైనట్టే అనుకుంటాం. చట్టం అలా అనదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజును నమోదు చేస్తుందే గానీ, అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందని హామీ ఇవ్వదు. సబ్ రిజిస్ట్రార్‌కు హక్కును తేల్చే అధికారం లేదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ వేరు, యాజమాన్యం వేరని అదే ఏడాది నవంబర్‌లో బిహార్ కేసులో మళ్లీ గుర్తుచేసింది. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడుతుందంటూ మన రాష్ట్రంలో తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద పెద్ద గొడవైంది, 2024లో దాన్ని రద్దు చేశారు. ఆ చట్టంలో లోపాలు నిజమే. కానీ రద్దయ్యాక కొనేవాడి పరిస్థితి మళ్లీ మొదటికే వచ్చింది. ఎవరి ఆస్తి కాగితాలు వాళ్లే తవ్వి చూసుకోవాలి.

తవ్వాల్సిన మొదటి చోటు వరాసత్. మన షరియత్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తి అనే లెక్క లేదు. మనిషి కన్నుమూసిన క్షణానే వారసులందరికీ ఎవరి వాటా వాళ్లకు చేరిపోతుంది, పంపకం కాగితం రాసుకున్నా రాసుకోకపోయినా. ఉదాహరణకు 160 గజాల ఇల్లు వదిలి ఒకాయన చనిపోయారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు లేరు, అప్పులు లేవు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 20 గజాలు. మిగిలిన 140లో కొడుక్కి 70, కూతుళ్లకు చెరి 35. ఇంటిపన్ను కొడుకు పేరు మీదే వస్తోంది, కరెంటు మీటరూ అతని పేరే. అతనొక్కడే సంతకం పెట్టి 160 గజాలూ అమ్మితే కొన్నవాళ్లకు న్యాయంగా దక్కేది 70 గజాలే. మిగతా 90 గజాల మీద ఏ అక్కో చెల్లో రేపు కోర్టుకెళ్తే, "డబ్బంతా తమ్ముడికి ఇచ్చేశాం" అంటే జవాబు కాదు.

"చెల్లెలు వద్దంది, నోటితో చెప్పేసింది" అనేది మనం ఎక్కువగా వినే మాట. అది చాలదు. ఆమె హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయాలి. లేదంటే అమ్మకం దస్తావేజులోనే అమ్మేవాళ్లలో ఒకరిగా సంతకం పెట్టాలి. ఆమె వాటా డబ్బు ఆమె ఖాతాకే వేస్తే ఇంకా మంచిది. (ఇలా అడిగితే అన్నదమ్ములకు కోపం వస్తుందని కొందరు భయపడతారు. రానివ్వండి. ఆడపిల్ల వాటా ఆమెకు చేరిందో లేదో తేలే అవకాశం చాలా ఇళ్లల్లో ఆ ఒక్క రోజే వస్తుంది.) తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మనండి. అందులో ఎంతమంది పేర్లుంటే అన్ని సంతకాలు కావాలి.

మైనర్ పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. తండ్రి పోయాక పిల్లల తరఫున తల్లి సంతకం పెడితే సరిపోతుందని చాలామంది లేఖర్లు కూడా రాసేస్తున్నారు. ముస్లిం లా ప్రకారం పిల్లల స్థిరాస్తికి తల్లి చట్టపరమైన గార్డియన్ కాదు. 1918లో ప్రీవీ కౌన్సిల్ ఇమాంబందీ కేసులో చెప్పిన ఈ సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. కోర్టు అనుమతి లేకుండా తల్లి అమ్మితే మైనర్ వాటా వరకు ఆ అమ్మకం చెల్లదు. పద్దెనిమిది నిండాక ఆ పిల్లాడు వచ్చి గుమ్మం ముందు నిలబడొచ్చు.

హిబా సంగతీ అంతే. "నాన్న బతికుండగానే నాకు హిబా చేసేశారు" అంటారు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నవాళ్లు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే నోటి హిబా చెల్లుతుంది. కాగితం మీద రాసుకుని రిజిస్టర్ చేయకపోయినా చెల్లుతుందని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. కానీ కొనేవాడికి దానితో ఒరిగేది తక్కువ. రిజిస్టర్ కాని హిబా ఈసీలో కనపడదు, బ్యాంకు ఒప్పుకోదు, మూడు షరతులూ జరిగాయని నిరూపించాల్సిన బరువు చివరికి మీ నెత్తినే పడుతుంది. మిగతా వారసుల సంతకాలు కూడా తీసుకోవడమే మేలు.

అమ్మేవాళ్లు హిందువులైతే లెక్క వేరు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చింది, 2005లో కేంద్ర చట్టం దాన్ని దేశమంతటికీ విస్తరించింది. పిత్రార్జితమైతే కూతుళ్ల సంతకాలు లేకుండా కొనొద్దు. స్వార్జితమని చెబితే అది ఏ డబ్బుతో, ఏ దస్తావేజుతో వచ్చిందో చూడండి.

ఇక మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడని విషయం. మస్జిద్, దర్గా, కబ్రస్తాన్ చుట్టూ ఉన్న ఇళ్లల్లో కొన్ని వక్ఫ్ భూమిలో ఉంటాయి. చికాకోల్ సర్కార్ కాలం నుంచి శ్రీకాకుళంలో, జమీందారీల కాలంలో విజయనగరం, బొబ్బిలి వైపు మస్జిద్‌లకు, దర్గాలకు, ఖాజీలకు ఇనాములు ఇవ్వడం ఉండేది. తరాలు గడిచేసరికి ఆ భూముల్లో అద్దెకు దిగినవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, ఇంటిపన్ను కడుతున్నారు, ఇప్పుడు అమ్ముతామంటున్నారు. వక్ఫ్ చట్టం ప్రకారం వక్ఫ్ ఆస్తిని అమ్మడం, బహుమతిగా ఇవ్వడం, తాకట్టు పెట్టడం చెల్లవు. పంచాయతీ పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉన్నంత మాత్రాన హక్కు రాదు.

2025 ఏప్రిల్ 8 నుంచి అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ఈ చిక్కును ఇంకా పెంచింది. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను ఆపింది గానీ చట్టం మొత్తాన్ని ఆపలేదు. వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లోకి ఎక్కించే పని ఆ ఏడాది జూన్‌లో మొదలైంది. ఆక్రమణల మీద ఎన్నేళ్లకైనా కేసు వేసేందుకు వీలిచ్చిన పాత సెక్షన్ 107 కూడా ఎత్తేశారు. దాంతో "ఇక పన్నెండేళ్లు దాటినవన్నీ మావే" అని కొందరు బ్రోకర్లు ప్రచారం చేస్తున్నారు. ఆ మాట నమ్మి కొనడం చట్టం దృష్టిలో జూదమే. అల్లాహ్ పేర వదిలిన భూమి అని తెలిసీ కొనడం మన దీన్ దృష్టిలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మస్జిద్ కమిటీలు తమ ఆస్తుల సర్వే నంబర్లను నోటీసు బోర్డు మీద పెడితే ఈ గొడవ సగం తగ్గుతుంది. ఒక్క పేజీ పని అది. ఎందుకు పెట్టరో కమిటీలనే అడగండి.

వక్ఫ్ ఒక్కటే కాదు, దేవాదాయ భూములు, ప్రభుత్వ భూములు, సీలింగ్ మిగులు భూములు అన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి చూడొచ్చు. మన జిల్లాల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి డి-పట్టా భూములు, గెడ్డ పోరంబోకులు, చెరువు గర్భాలు. డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలతో గడువులు పెట్టి కొంత సడలించినా, ఫ్రీహోల్డ్ పేరుతో జరిగిన రిజిస్ట్రేషన్ల మీద 2024 నుంచి వివాదం నడుస్తోంది. దూరంగా ఉండటమే మంచిది. సీతంపేట, భద్రగిరి లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన ప్రకారం గిరిజనేతరులు కొనలేరు. ఆ మండలాలు 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి, నిబంధన మాత్రం ఎక్కడికీ పోలేదు.

మిగతావి తొందరగా చెప్పుకుందాం. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందువి ఆఫీసులోనే వెతికించాలి. లింకు దస్తావేజులు జిరాక్స్ కాదు, ఒరిజినల్స్ చూడాలి. ఒరిజినల్ లేదంటే ఎక్కడో తాకట్టులో ఉందేమో అడగాలి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు దాటిన లేఅవుటుకు రెరా నంబరు ఉండాలి. రెరా ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. నోటరీ అగ్రిమెంటు, జీపీఏ మీద కొన్న ఇల్లు మీది కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఖర్చు విషయానికొస్తే స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. పది లక్షలకు 75 వేలు. నగదుగా 20 వేలు, అంతకు మించి బయానా ఇస్తే పుచ్చుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడొచ్చు.

డబ్బు ఎక్కడిది అనేది మనకు ఇంకో మెలిక. వడ్డీ లేని గృహరుణం ఇచ్చే బ్యాంకు మన దేశంలో లేదు. ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లేది లేదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పేసింది. 2024లో మొదలైన పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో విడతలో ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 1.80 లక్షల దాకా వడ్డీ సబ్సిడీ ఉంది, కానీ అది కూడా బ్యాంకు రుణంతో ముడిపడిందే. ఎవరి నిర్ణయం వాళ్లది, ఉలమాలను అడిగి తీసుకునేది. రుణం వద్దనుకున్న కుటుంబాలు సాధారణంగా అమ్మేవాళ్లతోనే వాయిదాలు మాట్లాడుకుంటాయి. వడ్డీ లేకుండా ఇలా కొనడం మంచి దారే. చిక్కల్లా అది నోటి మాటగా మిగిలిపోవడంలోనే ఉంది. రెండేళ్లు కట్టాక ధర పెరిగితే అమ్మేవాడి మనసు మారుతుంది. వాయిదాల తేదీలు, మొత్తం ధర, చివరి వాయిదా అయ్యాక రిజిస్ట్రేషన్ చేసే గడువు, ఇవన్నీ రిజిస్టర్డ్ అగ్రిమెంటులో ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లాలి. ఆ గడువు తేదీ దాటాక కోర్టుకు వెళ్లడానికి మీకుండేది మూడేళ్లే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఎంతోమంది అక్కడ వెల్డింగ్, ఫిట్టింగ్ పనుల్లో ఉన్నారు, ఇల్లు కొనే డబ్బు అక్కడిది, సంతకం ఇక్కడ తమ్ముడిది. తమ్ముడి పేరు మీద కొని తర్వాత రాయించుకుందాం అనుకోవద్దు. అలా కొంటే చట్టం లెక్కలో ఇల్లు తమ్ముడిదే, బినామీ చట్టం కూడా అడ్డం వస్తుంది. మీ పేరు మీదే కొనండి, తమ్ముడికి ఆ ఒక్క కొనుగోలు వరకే పవర్ ఇవ్వండి. అక్కడి భారత ఎంబసీలో గానీ కాన్సులేట్‌లో గానీ అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు మీది పోస్టు ముద్ర పారేయకండి, ఆ మూడు నెలలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో చూపించేది అదే.