పతకాలు సరే.. పారా క్రీడాకారుల భద్రత మాటేంటి?

2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారత్‌కు 29 పతకాలొచ్చాయి. వాటిలో ఒకటి వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిది. సన్మానాలు ఘనంగా జరిగాయి. కానీ గ్రౌండ్‌లో భద్రత గురించి ఎంతమంది అడిగారు?

2017 జూలైలో లండన్‌లో ప్రాక్టీస్ చేస్తుండగా త్రోయింగ్ కేజ్ మీద పడి యూఏఈ పారా అథ్లెట్ అబ్దుల్లా హయాయీ చనిపోయారు. ప్రాణం తీసింది ఆయన వైకల్యం కాదు, మైదానంలోని సామగ్రి. మన దగ్గర 2015లో ఘజియాబాద్ జాతీయ పారా పోటీల్లో ర్యాంపులు, శుభ్రమైన టాయిలెట్లు లేవని క్రీడాకారులు గోడు వెళ్లబోసుకున్నారు. ఆ తర్వాత అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ భారత కమిటీని సస్పెండ్ చేసింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 30 క్రీడా వసతులను వీరికి తగ్గట్టు మార్చాలంటోంది. అది జిల్లా స్థాయి పోటీల్లోనూ కనిపించాలి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారికి చెమట సరిగా పట్టదు, ఎండకు ఒళ్లు తొందరగా వేడెక్కిపోతుంది. అలాంటివాళ్లను మన ఎండల్లో నీడ, చల్లటి నీళ్లు లేకుండా ఆడించడం ప్రమాదమే.

కేజ్ బిగింపు చూడటం, ర్యాంపు వేయడం, టెంటు కట్టడం కోట్ల పని కాదు. భద్రత పేరుతో పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడం పరిష్కారమూ కాదు. మైదానాన్నే సరిచేయాలి.